మాఫీ బుగులు

ఆయన పోయిన కబురు నాకు బహ్రెయిన్‌లో, సఖీర్ కార్ల పందేల ట్రాక్ దగ్గర అందింది. అప్పుడు నేను బానెట్ ఎత్తి ఉన్న ఒక పాత అమెరికా కారు పక్కన నిలబడి ఉన్నాను. ఫోన్లో చెప్పినవాడు ఏడుస్తూ చెప్పాడు. వాడు చెప్పిన ముక్కలో ఆయనకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. బతికున్నంతకాలం ఆ మాటను ఆయన గ్యారేజీ గడప తొక్కనివ్వలేదు. చివరికి ఆయన చావు కబురే ఆ మాటతో వచ్చింది. ఆ సాయంత్రం అది ఇంకో ప్రాణాన్ని కూడా పట్టుకుపోయేదేమో. ఆ సంగతి చివర్న చెబుతాను. ముందు ఆయన ఎలాంటివాడో చెప్పకపోతే, ఒక్క మాటకు అంత పని ఏమిటని మీరు నన్నే తిడతారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. హిద్‌లో ఆయన పనిచేసిన గ్యారేజీలో కూడా ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. అందరికీ ఆయన ఉస్తాద్. నేను ఒక్కణ్ణే అన్నా అనేవాణ్ణి. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, నాది కోనసీమ. నేను గలాలీలో ఒక బహ్రెయినీ ఇంట్లో డ్రైవర్ని. ఆ ఇంటి యజమానే మా ఇద్దరికీ వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్. ఇంట్లో పనిచేసేవాళ్ళమంతా ఆయన్ని బాబా అంటాం. హిద్ గ్యారేజీ బాబాదే. ఆ అమెరికా కారూ బాబాదే. ముక్కు పొడుగ్గా, తుమ్మితే వీధి చివరిదాకా వినపడేంత పెద్ద ఇంజిన్‌తో, ముదురు ఎరుపు రంగులో ఉంటుంది. బాబా పడుచుతనంలో కొనుక్కున్న కారు అది. కన్నకొడుకు యూసుఫ్ కంటే వయసులో పెద్దది కాబట్టి ఇంట్లో దానికి మర్యాద కూడా ఎక్కువే.

ఆ కారుకు ఏ జబ్బు వచ్చినా ఉస్తాదే చూడాలి. ఆ ఉస్తాద్ ఎలాంటివాడంటే, అంత పిరికి మనిషిని నేను ఈ దేశంలో చూడలేదు. నేనే పెద్ద పిరికివాణ్ణి, కాబట్టి నా మాట నమ్మవచ్చు. సనాబిస్‌లో వాళ్ళ ఊరివాళ్ళ గదికి వెళితే మెట్లెక్కే వెళ్ళేవాడు గానీ లిఫ్టు ఎక్కేవాడు కాదు. పిల్లి ఎదురైతే అవతలి వీధి నుంచి తిరిగి వచ్చేవాడు. కారులో ఎప్పుడూ వెనక సీట్లోనే, నా వీపు వెనకాలే కూర్చునేవాడు. మేముండే ముహరక్ దీవి నుంచి మనామాకు వంతెన మీదుగా పోవాలి కదా, వంతెన మొదలవగానే కళ్ళు మూసుకునేవాడు.

"అన్నా, వంతెన దాటేశామండి, కళ్ళు తెరవండి" అనేవాణ్ణి, సగంలో ఉండగానే.

"ఒడువలె ఇంకా. టైర్ సప్పుడు మారలె. నాతోటి పరాచికాలా?" అనేవాడు కళ్ళు తెరవకుండానే.

అలాంటి మనిషి, రెక్కలు గిర్రున తిరుగుతున్న ఫ్యాను పక్కనుంచి ఇంజిన్‌లోకి చెయ్యి దూర్చేవాడు. చూస్తున్న నాకు ఒళ్ళు జలదరించేది.

మా పరిచయమే నా తెలివితక్కువతనంతో మొదలైంది. కొత్తగా వచ్చిన రోజుల్లో ఇంటి పెద్ద బండి ఏదో మూలుగుతోందని హిద్ తీసుకువెళ్ళాను. ఉస్తాద్ ముందు చేతికున్న ఉంగరం తీసి రుమాల్లో కట్టుకున్నాడు. ఇనుము ఉంగరం బ్యాటరీకి తగిలితే వేలు కాలుతుంది, అదొక భయం. తరవాత పసుపుపచ్చ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, కొసను ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి ఆనించుకున్నాడు. ఒక కన్ను మూశాడు. రెండో కన్ను ఆకాశం వైపు తేలిపోయింది. స్క్రూడ్రైవర్‌ను ఇక్కడ పెట్టాడు, అక్కడ పెట్టాడు, మొహం మెల్లగా పాలిపోయింది.

"బుగులైతుంది తమ్మీ" అన్నాడు.

నాకు బుగులంటే ఏమిటో తెలియదు. ఇంజిన్‌లో అదొక సామాను అనుకున్నాను. "అయితే కొత్త బుగులు వేయించేద్దామండి. మన దగ్గరుందా, బయట కొనాలా?" అన్నాను.

ఆయన స్క్రూడ్రైవర్ దించి నా మొహం కేసి చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. పెయింటు వేసే పాకిస్తానీ భాయ్ సంగతేమిటో తెలియకుండానే తనూ నవ్వాడు.

"బుగులు కొంటడట ఈయన! బుగులంటే సామాన్ గాదు తమ్మీ. మీ దిక్కు భయమంటరు సూడు, గది."

"భయం ఇంజిన్‌కాండి, మీకాండి?"

"నాకే. ఇంజిన్‌కేం బుగులుంటది? అది ఇనుము. ఇగ నువ్వు అండి అండి అనకు, లోపలి సప్పుడు ఇనవడ్తలేదు."

తరవాత తరవాత నాకు అర్థమైంది, బుగులూ భయమూ ఒకటి కావని. కుక్క వెంటపడితే భయం. కుక్క కనపడదు, వీధి ఖాళీగా ఉంటుంది, అయినా కాలు ముందుకు పడదు, అది బుగులు. ఉస్తాద్‌కు బండి జబ్బు ముందు బుగులుగానే తెలిసేది. పేరు తరవాత దొరికేది, ఒక్కోసారి దొరికేదీ కాదు. పొరపాటు పడేవాడు కూడా. ప్లగ్గులు పోయాయని మార్చి, అవి కావని తెలిసి, మళ్ళీ పాతవే బిగించి గొణుక్కోవడం నేను చాలాసార్లు చూశాను. కానీ బుగులు తీరకుండా బండి తాళం ఇచ్చేవాడు కాదు.

"మంచిగుంది అని ఎవడన్న అంటడు. బుగులు లేదు అని అనుడే కష్టం" అనేవాడు.

ఇక ఆ గిట్టని మాట. ఖలాస్. గల్ఫ్‌లో అడుగుపెట్టినవాడు నీళ్ళ తరవాత నేర్చుకునే మాట అదే. పని అయిందా, ఖలాస్. చాలు, ఖలాస్. గొడవొద్దు, ఖలాస్. అరబ్బులు రోజుకు ఎన్నిసార్లంటారో లెక్కలేదు. ఆ మాట ఉస్తాద్ చెవిన పడితే చాలు, చేతిలో పానా కిందపెట్టి బయటికి వెళ్ళిపోయేవాడు. ఒకసారి భోజనాల దగ్గర నేను గిన్నె అడుగు గీకుతూ "అన్నం ఖలాస్" అన్నాను. ఆయన కలుపుకున్న ముద్ద అలాగే వదిలేశాడు.

"అన్నం ఒడిసింది అను. లేదు అను. ఏమన్న అనుకో. గా మాట అనకు."

"అయిపోయింది అనవచ్చాండి?"

"అది గూడ జర మెల్లగ అను" అన్నాడు.

ఎందుకో నాకు ఇద్దరు చెప్పారు. బాబా నవ్వుతూ చెప్పాడు. ఉస్తాద్ నవ్వకుండా చెప్పాడు. సంగతి ఒకటే.

నేను రాకముందు ఆ ఎర్ర కారును బాబానే ట్రాక్ మీద నడిపేవాడు. డ్రాగ్ పందెం అంటే మలుపుల్లేవు, నేరుగా ఒక్క పరుగు. రెండు కార్లు పక్కపక్కన నిలబడతాయి, దీపం పచ్చగా వెలగగానే దూకుతాయి, ఊపిరి తీసి వదిలేలోగా పందెం ముగుస్తుంది. ఒక సాయంత్రం బాబా హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చున్నాడు. ఉస్తాద్ ఇంజిన్ మీద చెవి పెట్టి ఉన్నాడు. అడుగున ఏదో ఠంగుఠంగుమని కొడుతోంది. బాబా కిటికీలోంచి "ఖలాస్?" అని అడిగాడు. అంటే, పని పూర్తయిందా అని. ఉస్తాద్ తలెత్తి, చేతులు రెండూ ఊపుతూ "ఖలాస్! ఖలాస్!" అన్నాడు. అంటే, ఇంజిన్ పోయింది, చచ్చింది అని. జగిత్యాలలో ఆ మాటకు అదే అర్థం. మనిషి పోయినా, మోటారు కాలినా అక్కడ ఖలాసే. బాబా బొటనవేలు చూపించి బండి ముందుకు పోనిచ్చాడు.

సగం దూరంలో ఇంజిన్ అడుగు పగిలింది. నూనె వెనక టైర్ల కిందికి కారింది. కారు అడ్డం తిరిగి గోడను కొట్టుకుంది. బాబా కుడికాలు ఆ రోజు నుంచి మోకాలి దగ్గర వంగదు.

"నేను పోయింది అన్న. ఆయన తయారైంది అనుకున్నడు. ఒక్కటే మాట తమ్మీ, ఇద్దరి నోట్లె" అని ఉస్తాద్ నాకు చెప్పాడు.

గదిలో బ్యాగు సర్దుకుని కూర్చున్నాడట, పోలీసులొస్తారని. వచ్చింది బాబా తమ్ముడు. పోలీసే అనుకుని ఒక కాలికి ఒక చెప్పు, ఇంకో కాలికి ఇంకొకరి చెప్పు వేసుకుని వెంట నడిచాడట. ఆసుపత్రిలో బాబా కాలు పైకి కట్టించుకుని పడుకుని ఉన్నాడు. "నువ్వు ఖలాస్ అన్నావా లేదా?" అని అడిగాడు. అన్నాను అన్నాడు ఈయన. మరి? ఈయనకు అరబ్బీ రాదు, హిందీ ఆ నిమిషానికి మర్చిపోయాడు. ఇంజిన్ చచ్చిందని చెప్పడానికి కళ్ళు మూసి, నాలుక బయటపెట్టి, మెడ వాల్చేసి చూపించాడట. బాబా కాసేపు అలాగే చూసి, పగలబడి నవ్వాడు. కాలు కదిలి నొప్పితో అరిచాడు, మళ్ళీ నవ్వాడు. నర్సు పరుగెత్తుకొచ్చింది.

తరవాత బాబా అడిగాడు, బండి నడపకూడదు అనడానికి మీ భాషలో ఏమంటారు అని. ఉస్తాద్‌కు ప్రశ్న సరిగ్గా అర్థం కాలేదు. నిలువెల్లా వణుకుతున్నాడు, ఉన్నదే అన్నాడు. "బుగులైతుంది బాబా."

"బుగుల్" అన్నాడు బాబా. "ఇక నుంచి అదే మాట."

అలా ఆ మాట కూడా పొరపాటునే పుట్టింది. అరబ్బీలో ఫీ అంటే ఉంది, మాఫీ అంటే లేదు. కారు బయటికి తీసే ముందు బాబా "ఫీ బుగుల్?" అని అడగాలి. ఉస్తాద్ స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని, వెతికి, "మాఫీ బుగుల్" అనాలి. అంతవరకూ బండి అంగుళం కదలకూడదు. యూసుఫ్ ఆ మాటలు వింటూ పెరిగాడు. బుగుల్ అంటే తెలుగు అని వాడికి చాలాకాలం తెలియదు. కార్లకు సంబంధించిన ఇంగ్లీషు మాట అనుకున్నాడట.

ఆ యూసుఫ్‌ను నేను బడికి దింపేవాణ్ణి. వెనక సీట్లో నిద్రపోతే మెడ పక్కకు వాలిపోయేది, నేను బండి మెల్లగా నడిపేవాణ్ణి. మీసాలొచ్చాక వాడికి తండ్రి కారు మీద మోజు పుట్టింది. వద్దంటే వినేవాడా! బాబా చాలా రోజులు కాదన్నాడు, చివరికి ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, ఉస్తాద్ నోటి నుంచి మాఫీ రావాలి.

నేను మర్చిపోలేని సాయంత్రం అప్పటిదే. శుక్రవారం, ఎండ ఇంకా దిగలేదు, గాలికి ఇసుక లేస్తోంది. యూసుఫ్ మొదటి పరుగు పూర్తిచేసి వచ్చి, కారు దానంతటదే ఒకసారి గర్జించిందనీ, కాలు తీసినా వేగం వెంటనే తగ్గలేదనీ చెప్పాడు. వాడి స్నేహితులంతా కార్బురేటర్ పట్టేసింది అన్నారు. ఉస్తాద్ కూడా అదే అనుకున్నాడు. మూత విప్పాడు, తుడిచాడు, కాలు తీయగానే వేగాన్ని వెనక్కి లాగే స్ప్రింగు మార్చాడు. చేత్తో లాగి చూస్తే ఇంజిన్ బ్రహ్మాండంగా లేచింది, బ్రహ్మాండంగా దిగింది. మళ్ళీ లాగాడు, అంతే. యూసుఫ్ హెల్మెట్ పెట్టుకున్నాడు.

"ఉస్తాద్, ఫీ బుగుల్?"

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ చెవి నుంచి తీయలేదు. చాలాసేపటికి "ఫీ" అన్నాడు.

"ఎక్కడ?"

"మాలూం నై."

మైకులో యూసుఫ్ నంబరు పిలుస్తున్నారు. వాడి స్నేహితులు వాచీలు చూసుకుంటున్నారు. యూసుఫ్‌కు కోపం వచ్చింది. ఎక్కడో చెప్పు, లేకపోతే మాఫీ అను, రెండింట్లో ఒకటి చెయ్యి అని అరిచాడు. బాబా మడత కుర్చీలో, వంగని కాలు ముందుకు చాపుకుని కూర్చుని, ఉస్తాద్ మొహమే చూస్తున్నాడు. ఉస్తాద్ నుదుటి మీద చెమట కారి గడ్డంలోకి పోతోంది. అంతమంది చూస్తుండగా కారణం చెప్పలేకుండా ఒక మనిషి కాదని నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. నాకైతే, మాఫీ అనేసి ఉంటే ఈ బాధ వదిలేది కదా అనిపించింది. వెంటనే నా వెనక సీట్లో నిద్రలో వాలిపోయే యూసుఫ్ మెడ గుర్తొచ్చి, అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను.

ఆయన నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "తమ్మీ, గేరేసినప్పుడు దడ్ మన్నదా? ఇన్నవా?"

"నాకేం వినపడలేదన్నా."

"నాకు గూడ ఇనవడలె. కాళ్ళకు తెల్సింది."

అప్పుడు నాలుగు టైర్ల ముందూ చెక్కదిమ్మలు పెట్టించాడు. కారు ముందున్నవాళ్ళను దూరంగా తోలేశాడు. బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, గేరు వేసి, రెండో కాలితో మెల్లగా నొక్కమని యూసుఫ్‌కు సైగ చేశాడు. తను ఎడమ పక్కన నిలబడి అరచెయ్యి ఇంజిన్ మీద పెట్టాడు. కాలుతుందన్నా, గుడ్డ పెట్టుకోండి అన్నాను. గుడ్డ ఉంటే తెలియదు అన్నాడు.

యూసుఫ్ నొక్కాడు. పడుకున్న గేదె ఒక పక్కకు ఒరిగి లేచినట్టు, అంత పెద్ద ఇంజిన్ ఎడమ పక్కన పైకి లేచింది. నా కళ్ళతో చూశాను. లేస్తూ లేస్తూ, యాక్సిలరేటర్‌కు పోయే కడ్డీని తనతో పాటు లాగేసింది. యూసుఫ్ కాలు తీసినట్టే ఉన్నాడు, ఇంజిన్ మాత్రం ఆగలేదు. ఒక్కసారిగా గొంతెత్తి అరిచింది. వెనక టైర్లు పొగలు కక్కుతూ తిరిగాయి. చెక్కదిమ్మలు తారు మీద జారడం మొదలుపెట్టాయి. ఉస్తాద్ చెయ్యి ఇంజిన్‌కూ దాని పక్కనున్న ఇనపరేకుకూ మధ్య ఎక్కడో ఉంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు.

"బుగుల్! బుగుల్! బుగుల్!"

ఉస్తాద్ పెట్టిన ఆ కేక అంత మోతలో కూడా యూసుఫ్ విన్నాడు. చిన్నప్పటి నుంచి విన్న మాట కాబట్టి చెవి కంటే ముందు చెయ్యి విందేమో, తాళం తిప్పేశాడు. ఇంజిన్ దబ్బున కిందికి కూలబడి ఆగిపోయింది.

అప్పుడు దొరికింది. ఇంజిన్‌ను బండి చట్రానికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ ఒకటి నిలువునా చీలి రెండు ముక్కలైంది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నంతసేపు దాని బరువే దాన్ని కూర్చోబెట్టి ఉంచుతుంది, ఎవరికీ కనపడదు. బండి దూకబోయినప్పుడే లేస్తుంది. పచ్చదీపం వెలిగాక అది లేచి, వేగం అలాగే ఇరుక్కుపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. యూసుఫ్ హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. బాబా కుర్చీలోంచి లేవబోయి లేవలేక, కర్ర పొడిచి కష్టంగా లేచి వచ్చి, కొడుకు తల మీద చెయ్యి పెట్టాడు.

ఉస్తాద్ ఇసుకలో చతికిలబడ్డాడు. వేళ్ళ మీద తోలు లేచిపోయి రక్తం కారుతుంటే గ్రీజు గుడ్డ చుట్టుకున్నాడు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. నేను నీళ్ళు తాగించాను.

"తమ్మీ, ఇంటికి పోతుంటె వంతెన మీదికెల్లి తీస్కపోకు" అన్నాడు.

"గలాలీకి వంతెన దాటకుండా ఎలా పోతామండి?"

"అయితె నేను ఈడనే ఉంట" అన్నాడు. సగం నిజంగానే అన్నాడు. చివరికి వెనక సీట్లో పడుకోబెట్టి మొహం మీద తువ్వాలు కప్పి తీసుకొచ్చాను.

కొంతకాలానికి ఆయనకు చూపు మందగించింది, గుండెలో దడ మొదలైంది. ఊరికి వెళ్ళిపోతానన్నాడు. బాబా వద్దనలేదు, కానీ ఆ వారమంతా సరిగ్గా తినలేదు. వెళ్ళే ముందు ఉస్తాద్ ఆ పసుపుపచ్చ పిడి స్క్రూడ్రైవర్ యూసుఫ్ చేతిలో పెట్టాడు. విమానం ఎక్కాలన్న బుగులుతో విమానాశ్రయం దాకా కళ్ళు మూసుకునే కూర్చున్నాడు. లోపలికి వెళుతూ వెనక్కి తిరిగి, "నీ బండి ముందటి ఎడమ టైర్ జర సూస్కో" అన్నాడు. చూస్తే నిజంగానే అందులో మేకు ఉంది.

ఆయన వెళ్ళినా పద్ధతి ఆగలేదు. ట్రాక్‌కు వెళ్ళిన రోజు యూసుఫ్ స్క్రూడ్రైవర్ కొసను ఇంజిన్‌కు ఆనిస్తాడు. నేను ఫోను దాని పిడికి ఆనించి పట్టుకుని ఆ చప్పుడు వీడియో తీసి జగిత్యాల పంపుతాను. వాళ్ళ పెరట్లో కూర్చుని ఉస్తాద్ వింటాడు. కాసేపటికి ఆయన గొంతు వస్తుంది. "బాబాకు చెప్పు తమ్మీ, మాఫీ బుగుల్." ఆ గొంతు విన్నాకే బాబా మొహంలోకి రక్తం వచ్చేది. ఒకసారి ఫీ అన్నాడు, యూసుఫ్ మారు మాట్లాడకుండా కారు ట్రైలర్ మీదికి ఎక్కించేశాడు.

ఇక మొన్నటి సాయంత్రం. వీడియో పంపి చాలాసేపైంది. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. యూసుఫ్ వంతు దగ్గర పడింది. ట్రాక్ నిండా ఇంజిన్ల మోత. బాబా కుర్చీలోంచి నా వైపే చూస్తున్నాడు. నా కాళ్ళకు అప్పటికే ఏదో తెలిసినట్టుంది. అంతలో ఉస్తాద్ నంబరు నుంచి గొంతు సందేశం వచ్చింది. "గట్టిగా పెట్టు, అందరం వింటాం" అన్నాడు యూసుఫ్. పెట్టాను.

గొంతు ఉస్తాద్‌ది కాదు. ఆయన తమ్ముడి కొడుకు. వాడూ దుబాయి వెళ్ళి వచ్చినవాడే. మోతలో ముక్కలు ముక్కలుగా వినపడింది.

"అన్నా... మా పెద్దబాపు ఖలాస్ అన్నా... పొద్దుగాల చాయ్ తాగిండు... కూసున్నకాన్నే ఒరిగిండు... ఖలాస్ అయిండన్నా..."

నాకు మొదటి ముక్కకే అర్థమైంది. అయ్యో అన్నా అని మనసులోనే అనుకున్నాను. ఆ ఒక్క క్షణం ఈ లోకంలో లేను. ధడేల్‌మని బానెట్ మూసిన చప్పుడుకు తేరుకున్నాను.

యూసుఫ్ నవ్వుతున్నాడు. ఆ మోతలో, తెలుగు మాటల మధ్య వాడికి అర్థమైన మాట ఒక్కటే. ఖలాస్. రెండుసార్లు విన్నాడు. చూడటం పూర్తయింది, అంతా సిద్ధం అని ఉస్తాద్ ఎవరిచేతో చెప్పించాడనుకున్నాడు. "ఖలాస్, యల్లా!" అంటూ, ఇక పోదామని సీట్లోకి దూకాడు. హెల్మెట్ పెట్టుకున్నాడు. ఇంజిన్ గర్జించింది. బాబా కర్ర ఎత్తి నన్ను అడుగుతున్నాడు, ఉస్తాద్ ఏమన్నాడు, ఏమన్నాడు అని. కారు కదిలింది.

దాని వెనకాల పరుగెత్తాను. ఎలా ఆపాలి? మనిషి పోయాడని చెప్పడానికి నోటికి వస్తున్న మాట ఒక్కటే, అది నాలుక చివరికి వచ్చేసింది. అది అరిస్తే వాడు ఇంకా వేగంగా పోతాడు. నాలుక కొరుక్కున్నాను. రక్తం రుచి తగిలింది.

"బుగుల్!" అని అరిచాను. ఆ మాట హెచ్చరికగా నేను ఎప్పుడూ అనలేదు, నా యాసలో వంకరగా వచ్చింది. "బుగుల్! యూసుఫ్, బుగుల్!"

కారు ఆగిపోయింది. ఇంజిన్ ఆగిపోయింది. యూసుఫ్ హెల్మెట్ లాగేసి గాభరాగా బానెట్ ఎత్తడానికి పరుగెత్తాడు. "వేన్? ఎక్కడ బుగుల్?" అని ఇంజిన్ అంతా వెతుకుతున్నాడు. నేను ఫోను చూపిస్తున్నాను, వాడు ఇంజిన్‌లో చూస్తున్నాడు. బాబా కర్ర ఈడ్చుకుంటూ వచ్చాడు. నా మొహం చూశాడు.

"ఉస్తాద్?" అన్నాడు.

నేను తల ఊపాను. మనవాళ్ళు తల ఊపితే అవునో కాదో అరబ్బులకు ఎప్పుడూ తెలియదు. ఈసారి బాబాకు తెలిసింది. చేతిలోని కర్ర కిందపడింది. కుంటి కాలితో కారును పట్టుకుని నిలబడి, దాని పైకప్పు మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. యూసుఫ్‌కు అప్పుడు అర్థమై, తాళం చెవి నా చేతిలో పెట్టేసి దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

ఆ రోజు కారులో నిజంగా ఏమైనా లోపం ఉందా అంటే నాకు తెలియదు. ఎవరూ చూడలేదు. అది ఇప్పుడు గలాలీలో రేకుల షెడ్డులో, గుడ్డ కప్పుకుని ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక యూసుఫ్ గుడ్డ తీసి ఇంజిన్ స్టార్ట్ చేస్తాడు. పసుపుపచ్చ పిడి చెవికి ఆనించుకుని, ఒక కన్ను మూసి, కాసేపు విని, అది నా చేతికిస్తాడు. బాబా గుమ్మంలో కుర్చీ వేసుకుని చూస్తుంటాడు. నాకు ఇంజిన్ల గురించి ఏమీ తెలియదు. నా చెవికి అంతా బాగానే వినపడుతుంది.

"ఫీ బుగుల్?" అని అడుగుతాడు యూసుఫ్.

నేను వాడి మెడ వైపు చూస్తాను. "ఫీ" అంటాను.

వాడు తాళం తిప్పి ఆపేసి, గుడ్డ కప్పేస్తాడు.